గ్లెండా జాక్సన్: రెండు ఆస్కార్లు, 23 ఏళ్లు ఎంపీ, 80 ఏళ్లకు కింగ్ లియర్. ఈవిడ గురించి చెప్పండి

#1 కృష్ణలంక

నిన్న రాత్రి ‘ద గ్రేట్ ఎస్కేపర్’ చూశాను. మైకేల్ కెయిన్ ఉన్నాడు కదా అని పెట్టుకున్నా. ఓ అరగంట అయ్యేసరికి ఆయన్ని వదిలేసి, భార్యగా చేసిన ముసలావిడనే చూస్తూ ఉండిపోయా. ఆయన చెప్పాపెట్టకుండా ఫ్రాన్స్ పోతాడు. ఈవిడ కేర్ హోమ్ గదిలో కూర్చుని, స్టాఫ్ అడిగినప్పుడల్లా ఏదో ఒకటి చెప్పి నెట్టుకొస్తుంటుంది. కుర్చీలోంచి పెద్దగా లేవదు. అయినా సీన్ మొత్తం ఆవిడదే.

ఎవరా అని వెతికితే గ్లెండా జాక్సన్ అట. రెండు ఆస్కార్లట. పార్లమెంటు మెంబరట. 23 ఏళ్లు నటనే మానేసిందట. ఇదంతా ఒకే మనిషేనా? వికీ చదివే ఓపిక లేదు, తెలిసినవాళ్లు కాస్త తీరిగ్గా చెప్పండి.

#2 రీలుడబ్బా

ఒకే మనిషండీ. మీరు చూసింది ఆవిడ ఆఖరి సినిమా. అది 2023 అక్టోబరులో విడుదలైంది, ఆవిడ ఆ జూన్ 15నే లండన్‌లో పోయారు. 87 ఏళ్లు. కెయిన్‌తో అంతకుముందు ఒక్కసారే చేశారు, 1975లో ‘ద రొమాంటిక్ ఇంగ్లిష్‌వుమన్’. మళ్లీ ఇద్దరూ భార్యాభర్తలుగా కలిసేసరికి దాదాపు యాభై ఏళ్లు పట్టింది.

ఆస్కార్ల విషయం: ‘విమెన్ ఇన్ లవ్’ సినిమాకి 1971లో, ‘ఎ టచ్ ఆఫ్ క్లాస్’ సినిమాకి 1974లో. రెండుసార్లూ తీసుకోవడానికి వెళ్లలేదు. బొమ్మలు వాళ్లమ్మగారి దగ్గర ఉండేవి. ఆవిడ వాటిని ఇత్తడి చెంబులు తోమినట్టు తోమీ తోమీ పైపూత అంతా ఊడగొట్టారని గ్లెండాయే నవ్వుతూ చెప్పేవారు.

#3 నాటకాలపిచ్చోడు

సినిమాల దగ్గర మొదలుపెడితే ఈవిడ అర్థం కారు. నాటకం దగ్గర మొదలుపెట్టాలి. కాస్త పెద్దగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

1936 మే 9న బర్కెన్‌హెడ్‌లో పుట్టారు. లివర్‌పూల్‌కి నది అవతలి ఒడ్డున ఉన్న ఊరు. తండ్రి తాపీమేస్త్రీ. తల్లి దుకాణాల్లో, పబ్బులో, ఇళ్లలో పనిచేసేవారు. నలుగురు ఆడపిల్లల్లో ఈవిడ పెద్ద. గ్లెండా అన్న పేరు గ్లెండా ఫారెల్ అనే హాలీవుడ్ తారని చూసి పెట్టుకున్నది. సినిమా అంటే ఆ ఇంట్లో ఉన్న సంబంధం అంతే.

చదువు అంతంతమాత్రం. బడి అయ్యాక బూట్స్ మందుల షాపులో రెండేళ్లు కౌంటర్లో నిలబడ్డారు. విసుగు పుట్టి సరదాగా ఔత్సాహిక నాటక బృందంలో చేరారు. అక్కడ ఎవరో నువ్వు బాగా చేస్తావు, దీన్నే వృత్తిగా పెట్టుకో అన్నారు. దాంతో లండన్‌లోని రాడా అనే నటన కాలేజీకి దరఖాస్తు పెట్టారు. స్కాలర్‌షిప్ వచ్చింది, 1954లో. ఆ డబ్బు రాకపోతే తాపీమేస్త్రీ కూతురు ఆ గుమ్మం ఎక్కే పనే లేదు.

రాడాలో ప్రిన్సిపాల్ ఏమన్నాడో తెలుసా? నీది క్యారెక్టర్ ఆర్టిస్టు ముఖం, నలభై దాటేదాకా పెద్దగా వేషాలు రావు అన్నాడు. 1957లో వర్దింగ్‌లో మొదటి ప్రొఫెషనల్ నాటకం. ఆ తర్వాత ఊరూరా రెపర్టరీ కంపెనీలు. అవంటే తెలియనివాళ్లకి: ఈ వారం ఒక నాటకం ఆడుతూ పొద్దున పూట వచ్చే వారం నాటకం రిహార్సల్ చేసుకోవాలి. జీతం చాలా తక్కువ. మధ్యలో నెలల తరబడి ఖాళీ. ఆ ఖాళీల్లో మళ్లీ షాపులు, హోటళ్లలో వడ్డన.

1964లో మలుపు. రాయల్ షేక్‌స్పియర్ కంపెనీలో పీటర్ బ్రూక్ చేతిలో పడ్డారు. అవును, తర్వాత తొమ్మిది గంటల మహాభారతం ఆడించిన ఆ బ్రూకే. ‘మారా/సాద్’ అనే నాటకంలో పిచ్చాసుపత్రి రోగులు ఫ్రెంచి విప్లవాన్ని నాటకంగా ఆడతారు. అందులో విప్లవ నాయకుడు మారాని పొడిచి చంపే షార్లట్ కోర్డే వేషం వేసే రోగి ఈవిడ. ఒక చోట కొరడా దెబ్బలు కొట్టాలి. బ్రూక్ కొరడా ఇవ్వలేదు, ఆవిడ జుట్టుతో కొట్టించాడు. లండన్ చూసింది, 1965 చివర్లో న్యూయార్క్ చూసింది, 1967లో సినిమాగా కూడా వచ్చింది. ప్రపంచానికి ఆవిడ తెలిసింది అక్కడే.

#4 పాతబెంచి

బాగుంది. కానీ ఇంత కష్టపడి పైకొచ్చి, రెండు ఆస్కార్లు పెట్టుకుని, వెళ్లి లండన్ బస్సుల గురించి ఫైళ్లు చూసుకోవడం ఏమిటి? రాజకీయాల్లో ఆవిడ ఎక్కిన మెట్టు రవాణా శాఖలో చిన్న మంత్రి పదవి, అదీ రెండేళ్లు. ఆ 23 ఏళ్లు దండగే అని నా అభిప్రాయం. తిట్టుకుంటే తిట్టుకోండి.

#5 కృష్ణలంక

పాతబెంచి గారూ మీరు అప్పుడే రాజకీయాల్లోకి వెళ్లిపోయారు, నేనింకా 1965లోనే ఉన్నా. సినిమాల సంగతి ఎవరైనా చెప్పండి ముందు.

#6 రీలుడబ్బా

సినిమాలు నా డ్యూటీ.

‘విమెన్ ఇన్ లవ్’ కెన్ రస్సెల్ తీసింది. అందులో గుడ్రన్ పాత్ర. 1968లో షూటింగ్, అప్పటికి ఆవిడ కడుపుతో ఉన్నారు, 1969 మార్చిలో కొడుకు పుట్టాడు. సినిమాలో ఒక సీన్ ఉంది. పొడుగు కొమ్ముల పశువుల మంద ఎదురుగా వస్తుంటే గుడ్రన్ పారిపోకుండా వాటి ముందు డ్యాన్స్ చేస్తుంది. పశువులే బెదిరి వెనక్కి పోతాయి. అప్పటి ఇంగ్లిష్ హీరోయిన్ల కొలతలకి ఆ ముఖం సరిపోదు. దవడ గట్టిగా ఉంటుంది, పళ్లు సరిగ్గా లేవు, కళ్లు ఎదుటివాణ్ని నిలదీస్తున్నట్టు ఉంటాయి. రస్సెల్ వాటిని దాచే ప్రయత్నమేమీ చేయలేదు.

ఇక 1971 ఒక్క ఏడాది చూడండి. బీబీసీలో ‘ఎలిజబెత్ ఆర్’, ఒక్కోటి గంటన్నర లోపు ఉండే ఆరు నాటకాలు. పడుచు యువరాణి నుంచి డెబ్బై ఏళ్ల చావు దాకా ఒక్కరే చేశారు. రాణి నుదురు వెడల్పుగా కనబడాలని నెత్తి ముందు భాగం నిజంగానే గొరిగించుకున్నారు. దానికి రెండు ఎమ్మీలు, అంటే అమెరికా టీవీ అవార్డులు. అదే ఏడాది ‘మేరీ, క్వీన్ ఆఫ్ స్కాట్స్’ సినిమాలోనూ మళ్లీ ఎలిజబెత్తే, ఎదురుగా వెనెస్సా రెడ్‌గ్రేవ్. అదే ఏడాది ‘సండే బ్లడీ సండే’, దానికి బ్రిటన్ సినిమా, టీవీ అవార్డు బాఫ్టా.

ఇంత గంభీరంగా ఉన్న మనిషి అదే 1971లో మోర్కమ్ అండ్ వైజ్ అనే కామెడీ జోడీ టీవీ షోలో క్లియోపాత్రా వేషం కట్టారు. స్క్రిప్టు నిండా కావాలని రాసిన తప్పుల ఇంగ్లిష్. ఆవిడ దాన్ని పెద్ద విషాద నాటకంలాగా ముఖం చిట్లించకుండా చెబుతుంటే జనం దొర్లి దొర్లి నవ్వారు. మెల్విన్ ఫ్రాంక్ అనే డైరెక్టరు అది చూసి, ఈవిడకి కామెడీ వచ్చు అని ‘ఎ టచ్ ఆఫ్ క్లాస్’ ఇచ్చాడు. రెండో ఆస్కార్ దానికే. గెలిచాక ఆ కామెడీ జోడీ టెలిగ్రాం కొట్టారు, మాతో ఉండు, ఇంకోటి ఇప్పిస్తాం అని.

#7 సుధ_హనుమకొండ

రీలుడబ్బా గారు చెప్పిన లిస్టు 1970లలోనే ఎందుకు నిండిపోయిందో కూడా చెప్పుకోవాలి. 1980లలో ‘హాప్‌స్కాచ్’, ‘టర్టిల్ డైరీ’ లాంటి మంచివి కొన్ని ఉన్నాయి. కానీ నలభై దాటిన నటికి సినిమాల్లో ఏం మిగులుతుంది? నాటకాల్లోనూ అంతే. మన కాలం రచయితలకి ఆడవాళ్లంటే ఎందుకంత విసుగో నాకర్థం కాదు, కథ నడిపే పాత్ర ఎప్పుడూ మగవాడిదే ఉంటుంది అని ఆవిడ దశాబ్దాల పాటు చెబుతూనే వచ్చారు. 1989లో ‘ద రెయిన్‌బో’ వచ్చింది. మళ్లీ రస్సెల్, మళ్లీ అదే కుటుంబం కథ. ఈసారి ఈవిడకి ఇచ్చింది తల్లి వేషం, ఇరవై ఏళ్ల కిందట తను చేసిన గుడ్రన్‌కి తల్లి!

కాబట్టి పాతబెంచి గారు “దండగ” అంటున్న 23 ఏళ్లలో ఆవిడ వదులుకున్నవి గొప్ప వేషాలేమీ కావు. ఎవరో ఒకరికి అమ్మగా, అమ్మమ్మగా వేసే వేషాలు. వాటికన్నా బస్సుల ఫైళ్లే నయం అనుకుని ఉంటే నేనైతే తప్పుపట్టను.

#8 కిల్‌బర్న్ కిట్టయ్య

ఈ థ్రెడ్‌లోకి నేను రాకపోతే పాపం తగులుతుంది. ఎందుకంటే నేను ఆవిడకి ఓటేసినవాణ్ని.

ఇక్కడ బ్రిటన్‌లో ఉంటున్న ఇండియన్ పౌరులకి కామన్‌వెల్త్ లెక్కన పార్లమెంటు ఎన్నికల్లో ఓటు ఉంటుంది. వచ్చిన కొత్తల్లో నాకూ తెలియదు, రూమ్మేట్ చెబితే పేరు రాయించుకున్నా. 2010లో మా నియోజకవర్గం హామ్‌స్టెడ్ అండ్ కిల్‌బర్న్. లేబర్, కన్జర్వేటివ్, లిబరల్ డెమొక్రాట్ ముగ్గురూ దాదాపు సమానం. లేబర్ తరఫున ఆవిడ గెలిచింది ఎంతతో? 42 ఓట్లతో. ఆ 42లో నాదొకటి, మా రూమ్మేట్‌దొకటి అని ఇప్పటికీ చెప్పుకుంటాం.

మొదటిసారి గెలిచింది 1992లో, అప్పుడు హామ్‌స్టెడ్ అండ్ హైగేట్. కన్జర్వేటివ్‌ల చేతిలో ఉన్న సీటు. ఆలివర్ లెట్విన్ మీద 1,440 మెజారిటీ. దేశమంతా లేబర్ ఓడిపోయిన ఎన్నికలో ఈవిడ సీటు లాక్కున్నారు. 1997లో లేబర్ ప్రధానిగా బ్లెయిర్ వచ్చాక రవాణా శాఖలో జూనియర్ మంత్రి. 1999లో దానికి రాజీనామా చేసి లండన్ మేయర్ అభ్యర్థిత్వం కోసం పార్టీలో పోటీపడ్డారు, దక్కలేదు. 2003లో ఇరాక్ యుద్ధం మీద సొంత ప్రధానికే ఎదురు తిరిగారు. 2015లో మళ్లీ నిలబడలేదు. ఆ సీటు తర్వాత ట్యులిప్ సిద్దిక్‌కి వెళ్లింది, బంగ్లాదేశ్ షేక్ హసీనా చెల్లెలి కూతురు.

మంత్రి పదవి చిన్నదే, ఒప్పుకుంటా. కానీ ఇక్కడ ఎంపీ అంటే మెయిన్ పని వేరే. ఇల్లు లేనివాళ్లు, వీసా ఇరుక్కున్నవాళ్లు, బెనిఫిట్స్ ఆగిపోయినవాళ్లు వచ్చి కూర్చుంటారు. వాళ్ల తరఫున ఉత్తరాలు రాయాలి. కెమెరా ఉండదు, చప్పట్లు ఉండవు.

#9 నాటకాలపిచ్చోడు

కిట్టయ్యా, 42 మెజారిటీ మా ఊళ్లో సొసైటీ ఎన్నికల్లో కూడా చూడలేదయ్యా!

మన దగ్గర పోల్చి చూస్తే ఒక తేడా ఉంది. రామారావుగారు ప్రతిపక్ష నాయకుడిగా ఉంటూనే 1993లో ‘మేజర్ చంద్రకాంత్’ చేశారు. జనం కూడా దాన్ని తప్పనుకోలేదు, పైగా విరగబడి చూశారు. జమునగారు 1989లో రాజమండ్రి నుంచి, శారదగారు 1996లో మా తెనాలి నుంచి లోక్‌సభకి వెళ్లారు. తారగా ఉన్న పేరే వాళ్లకి ఓటు. గ్లెండా దానికి పూర్తిగా ఎదురు. ఎంపీగా ఉన్నన్నాళ్లూ ముఖానికి రంగు వేసుకోలేదు. రెండు పడవల మీద కాళ్లు పెట్టడం ఆవిడకి పడదు. నటన ఒక పని, ఇది ఇంకో పని, జీతం తీసుకుంటున్న పని చేయాలి, అంతే లెక్క. మందుల షాపు కౌంటర్లో నేర్చుకున్న లెక్క అనుకుంటా.

#10 పాతబెంచి

సరే, బస్సులు వదిలేద్దాం. 2013లో మాజీ ప్రధాని మార్గరెట్ థాచర్ చనిపోయిన రెండో రోజు పార్లమెంటులో ఈవిడ మాట్లాడింది విన్నారా? సంతాప సభ అది. ఏప్రిల్ 8న మనిషి పోయారు, 10న ఈవిడ లేచి, ఆమె ఈ దేశాన్ని నాశనం చేసింది అని ఏడు నిమిషాలు దులిపేసింది. చివర్లో, స్త్రీ అంటారా, నా లెక్కలో మాత్రం కాదు అని కూర్చుంది. ఎంత విరోధమైనా శవం ఇంట్లో ఉండగా అలా మాట్లాడతారా? మన ఇళ్లల్లో ఎవరైనా అంటే ఊరుకుంటామా?

#11 కిల్‌బర్న్ కిట్టయ్య

విన్నాను సార్. పూర్తిగా విన్నారా మీరు? ఆసుపత్రుల్లో పెచ్చులూడే గోడలు, బళ్లలో చాలని పుస్తకాలు, రాత్రిళ్లు షాపుల గుమ్మాల్లో పడుకునే జనం, ఇవి చెప్పారు ముందు. దురాశ, స్వార్థం, బలహీనుణ్ని పట్టించుకోకపోవడం చెడ్డవని మాకు నేర్పారు, ఆ పాలనలో అవే సుగుణాలైపోయాయి అన్నారు. అటుపక్క నుంచి అరుపులు. ఒక కన్జర్వేటివ్ సభ్యుడు లేచి అభ్యంతరం చెబితే, సభా మర్యాద దాటిన మాట ఒక్కటీ లేదని స్పీకరే తేల్చేశారు.

పొగిడినవాళ్లకి ఆ రోజు గంటల కొద్దీ టైం ఇచ్చారు. రెండో వైపు మాట కూడా రికార్డుల్లో ఉండాలి కదా.

#12 సుధ_హనుమకొండ

నాకు ఆ ప్రసంగంలో చివరి మాట నచ్చదు. ఇంకో ఆడమనిషిని నువ్వు ఆడదానివే కాదు అనడం మగవాళ్లు మనందరి మీదా వాడే ఆయుధమే. మిగతా ప్రసంగం మాత్రం గొంతు ఎక్కడ పెంచాలో, ఎక్కడ ఆపాలో తెలిసిన నటి చేసిన ప్రసంగం. నటన మానేశానని ఆవిడ అనుకున్నారేమో గానీ గొంతు మానలేదు.

#13 మోడరేటర్

థాచర్ గురించి ఇంకా మాట్లాడాలనుకునేవాళ్లు వేరే థ్రెడ్ పెట్టుకోండి. రెండు పోస్టులు తీసేశాను. ఇక్కడ గ్లెండా జాక్సన్ మాత్రమే.

#14 కృష్ణలంక

మోడరేటర్ గారికి దండాలు. ఇంతకీ 80 ఏళ్లకి కింగ్ లియర్ ఏమిటి? లియర్ మగవాడు కదా?

#15 కిల్‌బర్న్ కిట్టయ్య

మగవాడే. షేక్‌స్పియర్ నాటకంలో కూతుళ్లకి రాజ్యం పంచిచ్చి, వాళ్ల చేతే గెంటించుకునే ముసలి రాజు. ఆవిడ మగవాడిగానే చేశారు. రాజుని రాణిగా మార్చలేదు.

2015లో పార్లమెంటు వదిలారు. ఆ ఏడాదే బీబీసీ రేడియోలో ఎమిల్ జోలా నవలల సీరీస్‌లో ఒక ముసలి పాత్రకి గొంతిచ్చారు. 2016లో లండన్ ఓల్డ్ విక్ థియేటర్లో లియర్, డైరెక్టర్ డెబొరా వార్నర్. నా ఓటు తీసుకున్న మనిషి ఏం చేస్తుందో చూద్దామని పై బాల్కనీలో చవక టికెట్ కొన్నా. స్తంభం పక్క సీటు, సగం స్టేజీ మెడ వంచితే గానీ కనబడదు. తెల్లటి ఖాళీ స్టేజీ. సన్నగా, ఎండిపోయినట్టున్న ఒళ్లు, పొట్టి జుట్టు, ప్యాంటు. గాలొస్తే పడిపోతుందేమో అనిపించింది. నోరు తెరిచాక పై వరుసలో ఉన్న నాకు ఒక్క మాట పోలేదు. కూతుర్ని శపించే చోట అరవలేదు. ఒక్కో మాటా వేరుచేసి, తూకం వేసినట్టు చెప్పింది. నా పక్కన కూర్చున్నావిడ చేతిలోని ప్రోగ్రాం పుస్తకాన్ని గొట్టంలా చుట్టి నలిపేస్తూ ఉంది, నాటకం అయ్యాక చూస్తే అట్ట చిరిగిపోయింది.

విదూషకుడిగా రిస్ ఇఫాన్స్, పెద్ద కూతురిగా సీలియా ఇమ్రీ. ఎడ్గార్‌గా చేసింది హ్యారీ మెల్లింగ్, హ్యారీ పాటర్‌లో బొద్దు డడ్లీ గుర్తున్నాడా, ఆ కుర్రాడే.

#16 నాటకాలపిచ్చోడు

మగ ఆడగా, ఆడ మగగా చేయడం మనకేం కొత్త కాదు. స్థానం నరసింహారావుగారి సత్యభామని చూసి ఆడవాళ్లే నడక నేర్చుకున్నారంటారు. అయితే అక్కడ ముచ్చట ఆహార్యంలో, వయ్యారంలో. ఇక్కడ ఆ ఊసే లేదు. 80 ఏళ్లు వచ్చాక ఆడా మగా గీత దానంతటదే చెరిగిపోతుంది, పసిపిల్లల్లోనూ అంతే అని ఆవిడ వాదన. అందుకే గడ్డం అతికించుకోలేదు, గొంతు బొంగురు చేసుకోలేదు.

ఇంకో సంగతి. 1965లో రాయల్ షేక్‌స్పియర్‌లో హామ్లెట్ వేసినప్పుడు ఈవిడ హీరో ప్రేమించిన ఒఫీలియా. చూసిన ఒక విమర్శకురాలు, ఈ ఒఫీలియా హామ్లెట్టే చేయగలదు అని రాసింది. యాభై ఏళ్ల తర్వాత లియర్ దొరికాడు.

#17 రీలుడబ్బా

ఇక్కడితో ఆగలేదు. 2018లో బ్రాడ్‌వేలో ‘త్రీ టాల్ విమెన్’, ఎడ్వర్డ్ ఆల్బీ నాటకం. దానికి అమెరికా నాటకాల అవార్డు టోనీ. అంతకుముందు నాలుగుసార్లు నామినేట్ అయి ఉత్త చేతులతో వచ్చారు, ఐదోసారి 82 ఏళ్లకి కొట్టారు. ఆస్కార్, ఎమ్మీ, టోనీ మూడూ నటనకే ఉన్నవాళ్లు లోకంలో కొద్దిమందే. 2019లో బ్రాడ్‌వేలో మళ్లీ లియర్, వేరే డైరెక్టర్, వేరే ప్రొడక్షన్. దానికి మిశ్రమ స్పందన వచ్చింది, అనుకున్నదానికన్నా ముందే ఆపేశారు. అయితేనేం, వారానికి ఎనిమిది ఆటలు, ఒక్కో ఆటా మూడు గంటల పైన. ఆ వయసులో!

#18 సుధ_హనుమకొండ

నాకన్నిటికన్నా ‘ఎలిజబెత్ ఈజ్ మిస్సింగ్’ ముఖ్యం. 2019 డిసెంబరులో బీబీసీలో వచ్చింది. మతిమరుపు ముదిరిపోతున్న మాడ్ అనే ముసలావిడ, తన స్నేహితురాలు కనబడటం లేదని వెతుకుతుంటుంది. జేబుల నిండా చీటీలు. తను రాసుకున్న చీటీ తనకే అర్థం కాదు.

మా అత్తగారికి అదే జబ్బు ఉండేది. ఇలాంటి పాత్రని జాలి పుట్టేలా చేయడం చాలామందికి వచ్చు. ఈవిడ మాడ్‌ని కోపిష్టిగా చేశారు. ఒక చోట రెస్టారెంట్లో అందరి ముందూ అరుస్తుంది. కూతురి ముఖం మాడిపోతుంది. మా ఇంట్లో మేం చూసిందీ అదే. ఆ జబ్బులో కోపం ఎంత ఉంటుందో సినిమాలవాళ్లు ఎవరూ చూపించరు. దానికి బాఫ్టా, ఇంటర్నేషనల్ ఎమ్మీ రెండూ వచ్చాయి.

#19 పాతబెంచి

సుధగారూ, మీ పోస్టు చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. మా నాన్నగారిది కూడా అదే కథ.

నా మొదటి ప్రశ్న మాత్రం అలాగే ఉంది. 56 నుంచి 79 దాకా లేకుండా పోయిన నటి, మళ్లీ వచ్చి ఇంత చేయగలిగిందంటే, ఆ మధ్యలో ఏమేం చేసి ఉండేదో! నాకు ఆ బాధ.

#20 నాటకాలపిచ్చోడు

బెంచిగారూ, ఆ మధ్యలో ఆవిడ జనంలో ఉంది. వారం వారం ఎదురుగా కుర్చీలో కూర్చుని కష్టం చెప్పుకునే ముసలివాళ్లని చూసింది. సొంతవాళ్లకి బరువైపోయిన తండ్రులు, తాళం మార్చేసిన ఇళ్లు. లియర్ కథ ఏమిటి మరి? ఆవిడ అలా చెప్పలేదు, ఇది నా ఊహ. కానీ నాటకాలవాడిగా ఆ ఊహ వదులుకోను.

#21 కృష్ణలంక

ఒక్క సినిమా చూసి అడిగితే ఇంత దొరికింది. ఇప్పుడు మొదట ఏది చూడమంటారు? ఇంట్లో మా ఆవిడకి గంభీరమైనవి పడవు.

#22 రీలుడబ్బా

అయితే ‘ఎ టచ్ ఆఫ్ క్లాస్’ పెట్టండి. పెళ్లయిన అమెరికన్ ఒకడు, విడాకులు తీసుకున్న లండన్ ఫ్యాషన్ డిజైనర్ ఒకరు, స్పెయిన్‌లో సెలవులకి వెళ్లి నానా అగచాట్లు. జార్జ్ సీగల్ మెలికలు తిరిగిపోతుంటే ఆవిడ మాటలతో గిచ్చుతూ ఉంటుంది. తర్వాత వాల్టర్ మాథౌతో ‘హౌస్ కాల్స్’. ‘విమెన్ ఇన్ లవ్’ మాత్రం పిల్లలు పడుకున్నాక.

#23 సుధ_హనుమకొండ

నేను ‘ఎలిజబెత్ ఆర్’ అంటాను. సెట్లు చూస్తే అట్టముక్కల్లా ఉంటాయి, స్టూడియో నాటకం అని తెలిసిపోతుంది. మొదటి పది నిమిషాలు ఓర్చుకోండి.

#24 పాతబెంచి

‘ఎలిజబెత్ ఆర్’ రెండు భాగాలు అయ్యాయి. పెళ్లి ఎప్పుడని మంత్రులంతా చుట్టూ మూగి వేధిస్తుంటే ఒక్కొక్కణ్నీ వరసగా చూసే చూపు ఉందే, అబ్బో. మూడోది రేపు.

థాచర్ విషయంలో మాత్రం నా మాట మీదే ఉన్నా. వేరే థ్రెడ్ పెట్టాను, కిట్టయ్య అక్కడికి రావాలి.